మూడో జత ట్యూబులు కొనకు తమ్ముడూ, ముందు ఐదో పిన్ దగ్గర వోల్టేజ్ చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 50 వాట్ల గిటార్ యాంప్ హెడ్ (స్పీకర్ లేని యాంప్ పెట్టె), అందులో రెండు ఈఎల్34 పవర్ ట్యూబులు. ఆన్ చేసిన పావుగంట, ఇరవై నిమిషాలకు ఒక ట్యూబ్ ఎర్రగా కాలడం మొదలవుతుంది, సౌండ్ పీలగా అయిపోతుంది, వెనకాల బుయ్యిమని హమ్ లేస్తుంది. హైదరాబాద్ వెళ్లి కొత్త జత వేయించుకుని వచ్చావు, దేవరకొండలో చర్చి ప్రాక్టీస్‌లో ఆన్ చేస్తే మళ్లీ అదే. షాపులో అడిగితే "ఎండాకాలం కదా, వెనక ఫ్యాన్ పెట్టుకో, లేదంటే ఈ ట్యూబులు కూడా డూప్లికేట్ వచ్చుంటాయి, ఇంకో జత వేద్దాం" అన్నారు. గిటార్ పీకేసి ఊరికే ఆన్‌లో ఉంచినా ఎర్రబడుతోందని కూడా రాశావు. ఈ చివరి మాట చాలా పనికొచ్చే మాట, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒకటి చెప్తా. ఇది తేలేదాకా ఆ హెడ్ ఆన్ చేయకు. ఈ ఆదివారం ఒక్కటి గట్టెక్కితే చాలు అని కూడా వద్దు. ట్యూబ్ పోతే పోయింది, మళ్లీ దొరుకుతుంది, కానీ ఎర్రబడ్డ ట్యూబ్ లోపల షార్ట్ అయిందంటే అది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తుంది. అది మన దగ్గర బజారులో దొరకదు, చుట్టించాలి. దాన్ని సరిగ్గా చుట్టేవాళ్లు ఎంతమంది మిగిలారో నీకు తెలిసే ఉంటుంది. లోపల హెచ్‌టీ ఫ్యూజ్ (ఎక్కువ వోల్టేజ్ వైపు ఉండే ఫ్యూజ్) ఉంటుంది, దాని విలువ ఎంత రాసి ఉందో అంతే వేసి ఉందా చూడు. నా దగ్గరికి వచ్చే పాత యాంపుల్లో సగానికి ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టి ఉంటుంది, అదొక్కటే నన్ను బాగా బాధ పెట్టే విషయం. ఆ ఫ్యూజ్ అర్ధ ఆంపియరో ఒక ఆంపియరో ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడేది అదే.

ఇక ఏది ఎర్రబడుతోందో సరిగ్గా గుర్తుపట్టు. గది లైటు ఆర్పి వెనక నుంచి చూడు. ట్యూబ్ పైనా కిందా సన్నగా నారింజ రంగులో వెలిగేది హీటర్, అది వెలగాల్సిందే. గాజు లోపలి గోడ మీద నీలంగా మెరిసినా భయపడక్కర్లేదు, చాలా మంచి ట్యూబుల్లోనూ కనిపిస్తుంది. చూడాల్సింది మధ్యలో బూడిద రంగులో నిలువుగా కనిపించే రేకును, అదే ప్లేట్. దాని మధ్యలో ముందు కుంకుమ చుక్కలా సన్నగా మొదలై మెల్లగా పెద్దదవుతూ, ఇస్త్రీ బండి మీద బొగ్గు రాజుకున్నట్టు ఎరుపెక్కితే అదీ నీ జబ్బు. అక్కడ నుంచి ఒక నిమిషం కూడా ఉంచకూడదు. ఈ రేకు ఎరుపు గాజు లోపలిది కాబట్టి చేత్తో తాకి కనుక్కుందామనుకోకు. బాగున్న ఈఎల్34 కూడా చెయ్యి కాలేంత వేడిగానే ఉంటుంది, అది దాని స్వభావం.

ఎండాకాలం మాట. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో 44 దాటుతుంది, నిజమే, మన పాలమూరు వైపూ తక్కువేం కాదు. కానీ ఆ ప్లేట్ ఎరుపు కనిపించాలంటే 500 డిగ్రీలు దాటాలి. బయట గాలి 30 నుంచి 44కి పెరిగినందుకు అది ఎర్రబడదు. ఫ్యాన్ పెడితే లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు మేలు, వాటికి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది, కాబట్టి ఫ్యాన్ పెట్టుకో, హెడ్‌ను గోడకు ఆనించి పెట్టకు. ఈ రోగానికి మాత్రం ఫ్యాన్ మందు కాదు. అది ఎర్రబడటాన్ని ఐదు నిమిషాలు వెనక్కి నెడుతుంది, అంతే.

గిటార్ లేకుండానే ఎర్రబడుతోందన్నావు కదా, దాంతో సగం అనుమానాలు తీరిపోయాయి. వాయిస్తున్నప్పుడు మాత్రమే ఎర్రబడితే స్పీకర్ లోడ్ చూడమనేవాణ్ని. ఫంక్షన్లలో సౌండ్ సరిపోలేదని 8 ఓమ్‌ల స్పీకర్ పక్కన ఇంకో 8 ఓమ్‌ల బాక్సు తగిలిస్తారు, మొత్తం 4 అవుతుంది, యాంప్ వెనక ఓమ్‌ల సెలెక్టర్ మాత్రం 8 మీదే ఉంటుంది. అప్పుడు ట్యూబులు వాయింపులో ఎక్కువ మోయాలి. ఊరికే ఉన్నప్పుడు ఎర్రబడితే మాత్రం స్పీకర్ మీద అనుమానం పెట్టుకోకు, కథ బయాస్ దగ్గరే ఉంది.

బయాస్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్తా, ఎందుకంటే అది అర్థమైతే నువ్వే సగం రిపేర్ చేసుకుంటావు. సాగర్ ఎడమ కాలువ తూము చూశావు కదా. వెనక నీళ్లు ఎప్పుడూ తోసుకుంటూ ఉంటాయి, షట్టర్ ఎంత కిందికి దించితే అంత తక్కువ పారుతాయి. ట్యూబులో ప్లేట్ మీద 450 వోల్టుల దాకా పాజిటివ్ ఉంటుంది, అది ఎలక్ట్రాన్లను లాగుతూనే ఉంటుంది. గ్రిడ్ ఆ షట్టర్. దాని మీద మైనస్ 36, మైనస్ 40 వోల్టుల దాకా నెగెటివ్ పెట్టి కిందికి దించి ఉంచుతారు. ఈ నెగెటివ్ తగ్గితే షట్టర్ లేచిపోయినట్టే, కరెంట్ వరదలా పారుతుంది. ఈఎల్34 ప్లేట్ తట్టుకునేది 25 వాట్లు. మైనస్ 38 దగ్గర 38 మిల్లీ ఆంపియర్లు పారితే, 450తో గుణిస్తే 17 వాట్లు, హాయిగా ఉంటుంది. అదే గ్రిడ్ మైనస్ 28కి పడిపోతే కరెంట్ రెండింతలు దాటిపోయి 40 వాట్లకు పైన కాలుతుంది. ఇక రేకు ఎర్రబడక ఏం చేస్తుంది? ట్యూబ్ తన మీదికి వచ్చింది మోస్తోంది, తూము ఎవరు ఎత్తారో మనం కనుక్కోవాలి.

పైసా ఖర్చు లేని పరీక్ష ముందు. ఎర్రబడే ట్యూబుకు స్కెచ్ పెన్నుతో బేస్ మీద గుర్తు పెట్టు. యాంప్ ఆపి, చల్లారనిచ్చి, రెండు ట్యూబుల స్థానాలు మార్చు. స్పీకర్ తగిలించి, గిటార్ లేకుండా ఆన్ చేసి చీకట్లో చూస్తూ కూర్చో, ఎర్రబడగానే ఆపెయ్. ఆన్ చేయకు అన్నాను కానీ ఈ పరీక్ష ఒక్కటి నువ్వు దగ్గరుండి చేసేది, అది వేరు. గుర్తు పెట్టిన ట్యూబ్ పక్క సాకెట్‌లోకి వెళ్లినా అదే ఎర్రబడితే ట్యూబ్ తప్పు. పాత సాకెట్‌లోకి వచ్చిన మంచి ట్యూబ్ ఎర్రబడితే ఆ సాకెట్ వైపు సర్క్యూట్ తప్పు. నువ్వు ఇప్పటికే జత మార్చినా అదే వైపు ఎర్రబడింది కాబట్టి నాకు రెండోదే అనిపిస్తోంది, అయినా చేసి చూడు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా నీకు కొత్త జత అమ్మడమే నాకు నచ్చని సంగతి.

ఇక లోపలికి. ఈ పేరా మాత్రం మెల్లగా చదువు. ఇందులో 450 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో చాలాసేపు నిలబడుతుంది. మెయిన్ ఆపేటప్పుడు స్టాండ్‌బై స్విచ్ ప్లే వైపే ఉంచు, ట్యూబులు చాలా మటుకు తాగేస్తాయి. తర్వాత 10 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకుని ఒక చివర చాసిస్‌కు (యాంప్ లోపలి లోహపు చట్రానికి) క్లిప్ వేసి, రెండో చివరను ఇన్సులేషన్ పట్టుకుని ప్రతి పెద్ద కెపాసిటర్ పాజిటివ్‌కు పది సెకన్లు ఆనించి, మీటర్‌తో 10 వోల్టుల కిందికి వచ్చిందని చూశాకే వేలు పెట్టు. ఆన్‌లో ఉండగా కొలవాలంటే ఎడమ చెయ్యి జేబులోనే ఉండాలి, కాళ్లకు చెప్పులు ఉండాలి, చేతికి ఉంగరం, కడియం ఉండకూడదు. పక్కన ఇంకొకరు ఉండాలి, వాళ్లకు మెయిన్ ఎక్కడుందో తెలిసి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా, లేదా మనసులో టెన్షన్‌గా అనిపించినా, వాల్వ్ మైక్‌సెట్లు చేసిన పాత మెకానిక్ ఎవరైనా ఉంటే ఈ కాగితం ఆయన ముందు పెట్టు. మన ఊళ్లలో అలాంటి పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్ల చేతులకు ఈ వోల్టేజీలు అలవాటు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బోర్డులో (కరెంట్ బల్బు గుండా యాంప్‌కు వెళ్లే బోర్డు) 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి చెయ్, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, ఆపెయ్. బల్బు మసకబారి నిలబడితే అప్పుడు నేరుగా మెయిన్‌కు పెట్టు, ఎందుకంటే బల్బు మీద తీసిన కొలతలు లెక్కకు రావు.

రెండు పవర్ ట్యూబులూ తీసేసి, స్పీకర్ తగిలించే ఉంచి ఆన్ చెయ్. చిన్న ట్యూబులు ఉండనివ్వు. చాసిస్ బోర్లా తిప్పి కింది నుంచి చూస్తే సాకెట్ గాడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెట్టు: మూడోది ప్లేట్, నాలుగోది స్క్రీన్, ఐదోది గ్రిడ్, ఎనిమిదోది క్యాథోడ్. మీటర్ నల్ల తీగ చాసిస్‌కు క్లిప్, ఎర్ర తీగ ఐదో పిన్‌కు. రెండు సాకెట్లలోనూ మైనస్ వోల్టేజ్ ఒకేలా ఉండాలి, అర వోల్ట్ అటూ ఇటూ. ఒకటి మైనస్ 38, ఇంకోటి మైనస్ 30 అని వచ్చిందనుకో, దొంగ దొరికాడు.

ఇక్కడ ఒక చిన్న మెలిక. బజారులో దొరికే పసుపుపచ్చ చిన్న మీటర్ల లోపలి రెసిస్టెన్స్ 1 మెగా ఓమ్ మాత్రమే. గ్రిడ్‌కు బయాస్ 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా వస్తుంది కాబట్టి ఆ మీటర్ తగిలించగానే అదే కొంత లాగేసి 38 ఉన్న చోట 31 దగ్గర చూపిస్తుంది. అది చూసి బయాస్ తగ్గిందని ట్రిమ్‌పాట్ (బయాస్ సర్దే చిన్న స్క్రూ) తిప్పేస్తే ఇంకో గొడవ. 10 మెగా ఓమ్‌ల మీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో, లేదంటే అంకె ఎంతో వదిలేసి రెండు సాకెట్ల మధ్య తేడా మాత్రమే చూడు.

చల్లగా ఉన్నప్పుడు రెండూ సమానంగా వస్తే నిరాశ పడకు. నీ యాంప్ పావుగంట తర్వాత చెడుతోంది కదా, అంటే వేడెక్కాక. హెయిర్ డ్రయ్యర్ తీసుకుని, ఫేజ్ ఇన్వర్టర్ ట్యూబ్ (రెండు పవర్ ట్యూబులకూ సిగ్నల్ పంచే చిన్న ట్యూబ్) నుంచి ఎర్రబడే వైపు గ్రిడ్‌కు వచ్చే కప్లింగ్ కెపాసిటర్ మీద దూరం నుంచి మెల్లగా వేడి గాలి పట్టు, కన్ను మీటర్ మీద ఉంచు. సాధారణంగా అది 0.022 మైక్రోఫారడ్, కొన్నిటి మీద 223 అని ఉంటుంది. దానికి ఒకవైపు ఇన్వర్టర్ ప్లేట్, 200 వోల్టులకు పైన పాజిటివ్. రెండోవైపు నీ గ్రిడ్, మైనస్ 38. పాటను దాటనిచ్చి ఈ డీసీని ఆపడమే దాని పని. మైనస్ 38, 37, 35, 32 అని కళ్ల ముందే అంకె జారిపోతుంటే ఆ కెపాసిటర్ లీక్ అవుతోంది.

ఈ లీకేజీ ఎంత చిన్నదో లెక్క వేసి చూపిస్తా, అప్పుడు ఎందుకు చాలామందికి దొరకదో అర్థమవుతుంది. 220 కిలో ఓమ్‌ల మీద 10 వోల్టులు జారాలంటే 45 మైక్రో ఆంపియర్లు చాలు. కెపాసిటర్ మీద 250 వోల్టులు ఉన్నాయనుకుంటే అది సుమారు ఐదున్నర మెగా ఓమ్‌ల రెసిస్టర్‌లా తయారైందన్నమాట. తీసి బయట మామూలు మీటర్‌తో చూస్తే, అది పరీక్షించేది ఒకటి రెండు వోల్టుల మీద, పైగా కెపాసిటర్ చల్లారి ఉంటుంది, ఏ లీకూ కనిపించదు. కెపాసిటెన్స్ కూడా కరెక్ట్‌గా 22 నానోఫారడ్లు చూపిస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట మిర్యాలగూడ నుంచి గిటార్ నేర్పే ఒకాయన ఇలాంటి హెడ్డే తెచ్చాడు. నేను ఆ కెపాసిటర్‌ను తీసి మీటర్‌తో చూసి, బాగుందని మళ్లీ అదే వేశాను, కొత్త ట్యూబులు పెట్టిచ్చాను. క్రిస్మస్ ప్రోగ్రాం మధ్యలో ఎర్రబడి పోయాయి. రెండో జతకు ఆయన అప్పు తెచ్చాడని తర్వాత తెలిసింది. ఆ రాత్రి చాసిస్ ఆన్‌లోనే పెట్టుకుని ఐదో పిన్ మీద మీటర్ వదలకుండా నలభై నిమిషాలు కూర్చున్నా. అప్పుడు కనిపించింది, ఆ కెపాసిటర్ పక్కనున్న 5 వాట్ల స్క్రీన్ రెసిస్టర్‌కు ఆనుకుని ఉంది, ఆనిన వైపు లేత గోధుమ రంగు మచ్చ, గోరంత. మిగతా మూడు వైపులా కొత్తదానిలా మెరుస్తోంది. రెసిస్టర్ వేడెక్కే కొద్దీ మీటర్‌లో అంకె జారుతూనే ఉంది. ఆ జత డబ్బులు ఆయనకు తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి అనుమానం ఉన్న కప్లింగ్ కెపాసిటర్‌ను బయట పరీక్షించి మళ్లీ వేయడం మానేశాను.

నువ్వూ అంతే, ఒకటి పోతే రెండు వైపులా కొత్తవే వెయ్. 0.022, 630 వోల్టుల పాలిప్రొపిలీన్, కోఠిలో గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది, ట్యూబుల జత ధరతో పోలిస్తే ఏమంత ఖర్చు కాదు. వేసేటప్పుడు వేడి రెసిస్టర్లకు వేలెడంత దూరం ఉంచు.

కెపాసిటర్ కాకపోతే ఆ సాకెట్‌నే చూడు. ఐదో పిన్ పట్టు వదులైతే గ్రిడ్‌కు బయాసే అందదు, షట్టర్ గాల్లో వేలాడుతుంది. ట్యూబ్‌ను చెక్క పుల్లతో మెల్లగా కదిపినప్పుడు చిటపటలు వస్తే అదే. యాంప్ ఆపి, డిశ్చార్జ్ చేసి, సన్న సూదితో ఆ రేకు పట్టును కొంచెం లోపలికి నొక్కు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వు. నాలుగో పిన్‌లో 400 పైన పాజిటివ్, దాని పక్కనే ఐదో పిన్. రైస్ మిల్లుల వైపు ఉన్న ఇళ్లలో పొట్టు దుమ్ము, వానాకాలం చెమ్మ ఈ రెండు పిన్నుల మధ్య చేరి లీకేజీ దారి వేయడం నేను చూశాను. సాకెట్ మీద నల్లగా మాడిన గీత కనిపిస్తే తుడిచి లాభం లేదు, సాకెట్ మార్చాల్సిందే. 220 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని సోల్డర్ కూడా చూసెయ్.

రెండు ట్యూబులూ కలిసి ఎర్రబడటం వేరే జాతి. నీది అలా కాదు కానీ ఇది చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నా. అప్పుడు బయాస్ సప్లై మొత్తం పడిపోయిందని అర్థం: డయోడ్, ట్రిమ్‌పాట్, ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్. ఇక్కడ ఎలక్ట్రోలిటిక్ మార్చేటప్పుడు పాజిటివ్ కాలు చాసిస్ వైపు ఉండాలి, ఇది నెగెటివ్ సప్లై కదా. అలవాటు కొద్దీ నెగెటివ్‌ను చాసిస్‌కు వేస్తే కొన్నాళ్లకు అది ఉబ్బి రెండు ట్యూబులనూ తీసుకుపోతుంది.

కరెంట్ వోల్టేజ్ కూడా చూసుకో. మన వైపు పొద్దంతా బోర్ మోటార్లు నడుస్తున్నప్పుడు తక్కువగా ఉండి, రాత్రి లోడ్ తగ్గాక 245, 250 కూడా నేను కొలిచాను, పెళ్లి బారాత్‌లు, క్రిస్మస్ ప్రోగ్రాంలు జరిగేది సరిగ్గా ఆ టైంలోనే. వెనక వోల్టేజ్ సెలెక్టర్ 220 మీద ఉండి ఇంట్లో 245 వస్తుంటే 440 ఉండాల్సిన ప్లేట్ 490 అవుతుంది, 6.3 ఉండాల్సిన హీటర్ 7కు చేరుతుంది. ట్యూబులు పెట్టి రెండు, ఏడు పిన్నుల (హీటర్ పిన్నులు) మధ్య ఏసీలో కొలువు, 5.7 నుంచి 6.9 లోపు ఉండాలి. సెలెక్టర్‌లో 240 ఉంటే దాని మీదే పెట్టు.

తప్పు దొరికి సరిచేశాక బయాస్ సెట్ చేయాలి, అది వదిలేస్తే చేసిన పనంతా సగమే. ఎనిమిదో పిన్‌కూ చాసిస్‌కూ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ వెయ్. ఈఎల్34లో ఒకటో పిన్ కూడా ఎనిమిదికి కలిపి ఉంటుంది, దాన్ని కదపకు. ఆ 1 ఓమ్ రెసిస్టర్ మీద ఎన్ని మిల్లీవోల్టులు వస్తే అన్ని మిల్లీ ఆంపియర్లు. ప్లేట్ వోల్టేజ్ కొలిచి, 17.5 వాట్లను దాంతో భాగించు, అది 25లో 70 శాతం. 450 వోల్టులైతే 39 వస్తుంది. నేనైతే మన వోల్టేజీలకు 34, 35 దగ్గరే ఆపుతా, వినడానికి తేడా తెలియదు, ట్యూబ్ మాత్రం ఎక్కువ కాలం ఉంటుంది. రెండు ట్యూబుల మధ్య తేడా 4, 5 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అరగంట ఆన్‌లో ఉంచి మళ్లీ కొలువు, అంకె ఎక్కుతూనే ఉంటే ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. ఎర్రబడిన ఆ ట్యూబును మళ్లీ వాడాలా అంటే, ఒకటి రెండు నిమిషాలు కాలినదైతే పెట్టి చూడు, అరగంట స్థిరంగా ఉంటే ప్రాక్టీస్‌కు వాడుకో. ఎర్రగా ఐదు నిమిషాలు కాలినదాన్ని మాత్రం నేను నమ్మను. ఎర్రబడిన వైపు స్క్రీన్ రెసిస్టర్‌ను తప్పకుండా కొలువు, 1 కిలో ఓమ్ ఉండాల్సింది పెరిగిపోయి లేదా తెగిపోయి ఉంటుంది తరచుగా.

నువ్వు స్థానాలు మార్చినప్పుడు ఏది ఎర్రబడిందో, ట్యూబులు తీసేసి రెండు సాకెట్లలో ఐదో పిన్ అంకెలు చల్లగా ఎంతో, వేడి గాలి పట్టాక ఎంతో, రాత్రి తొమ్మిది దాటాక మీ ఇంట్లో ప్లగ్ దగ్గర ఎంతో రాయి. సాకెట్ల దగ్గర ఫొటో కూడా తీసి పెట్టు, కెపాసిటర్ ఏ రెసిస్టర్‌కైనా ఆనుకుని ఉందా నేను చూస్తా.